ముప్ఫై ఎనిమిదిసార్లు తప్పిన చెట్టు

గంగులవలసలో ప్రభుత్వ వృక్షవనం ఒకటుంది. ఊళ్లోవాళ్లు దాన్ని సెట్లతోట అంటారు. నూట నలభై రెండు చెట్లు, ఒక నీళ్ల ట్యాంకు, విరిగిన సిమెంటు బెంచీలు ఆరు, గేటు పక్కన ఒక నల్లబల్ల. తోటకి ఆ నల్లబల్లే పత్రిక. కాలం మారినప్పుడల్లా హెడ్ మాలీ గౌరునాయుడు సుద్దముక్క పట్టుకుని దానిమీద నాలుగు మాటలు రాసేవాడు. "కదంబం పూసింది. బావి దగ్గర. కింద జారుడుగా ఉంది, చూసి నడవండి." అంతే. జనం చదివేవారు, వెళ్లి చూసేవారు, పిల్లల్ని చంకనేసుకుని ఇంటికి పోయేవారు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఇలాగే నడిచింది. ఒక్క ఫిర్యాదు రాలేదు. ఒక్క ఫిర్యాదైనా రాని చోట ఎవరూ పనిచేయడం లేదని పైవాళ్ల లెక్క. అందుకని తోటను సంస్కరించాలని నిర్ణయించారు.

ఆ సంస్కరణ డిసెంబరు నెలలో జీపు దిగింది. పేరు భుజంగరావు గారు. ఇరవై ఆరేళ్లు పరీక్షల విభాగంలో పనిచేసిన మనిషి. ఆయన హయాంలో ఏ ప్రశ్నపత్రమూ పరీక్షకు ముందు బయటికి రాలేదని చెప్పుకుంటారు. కొన్ని పరీక్ష మొదలయ్యాక కూడా రాలేదు. అలాంటివాడికి ప్రమోషను ఇవ్వక తప్పదు కదా. పరీక్షల్లో పైకుర్చీ ఖాళీ లేదు, చెట్లలో ఉంది. ఆయన్ని చెట్లకి డైరెక్టరుగా వేశారు.

ఆయన తోటలో మొట్టమొదట చూసింది చెట్టుని కాదు, నల్లబల్లని.

"ఇదేమిటయ్యా?" అన్నారు.

"వార్తలు బాబూ," అన్నాడు గౌరునాయుడు.

"దేవకాంచనం పూసింది అని రాశావు. పూశాక రాశావా, పూయకముందు రాశావా?"

"పూసినాకే బాబూ. పూయకుండా ఎలగ రాస్తాం?"

భుజంగరావు గారు జాలిగా చూశారు. "అక్కడే ఉంది లోపం. జరిగిపోయినదాన్ని ప్రకటించడం పరిపాలన కాదు. ప్రకటించినదాన్ని జరిపించడం పరిపాలన. ఇకమీదట ఏ చెట్టు ఏ తేదీన పూయవలెనో ముందుగా నోటిఫికేషన్ వెలువడుతుంది. అభ్యర్థులు దానిని పాటిస్తారు."

గౌరునాయుడు వెనక్కి తిరిగి చూశాడు, అభ్యర్థులెవరైనా వచ్చారేమోనని. వెనక చెట్లే ఉన్నాయి.

సంక్రాంతి సెలవులు అయ్యీ అవ్వగానే నోటిఫికేషన్ వచ్చింది. మోదుగ, ఫిబ్రవరి ఇరవై ఆరు, ఉదయం తొమ్మిది నుండి పన్నెండు వరకు. రేల, ఏప్రిల్ పద్నాలుగు, అదే సమయం. నిమిషం ఆలస్యమైనా అనుమతించబడదు. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క జూనియర్ అసిస్టెంటు కనకమహాలక్ష్మి దాన్ని టైపు చేసి, ప్రతి చెట్టు మొదలుకీ ఒక కాపీ అంటించడానికి గౌరునాయుడికిచ్చింది. తర్వాత హాల్‌టికెట్లు. బస్టాండు దగ్గర స్టూడియో అతన్ని పిలిచి చెట్లన్నింటికీ పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీయించారు. అరవై అడుగుల చెట్టు పాస్‌పోర్టు సైజులో ఎక్కడ పడుతుంది? మొదళ్లు తీసి ఇచ్చాడతను. నూట నలభై రెండు ఫొటోలూ ఒకే ఏనుగు కాలిని నూట నలభై రెండుసార్లు తీసినట్టున్నాయి.

హాల్‌టికెట్టులో సంరక్షకుని సంతకం అని ఒక గడి ఉంది.

"ఇక్కడ ఎవరు పెట్టాలి నాయుడుగారూ?" అంది కనకమహాలక్ష్మి.

"అయ్యకీ అమ్మకీ బదులు నానే ఉన్నాను గదమ్మా," అని గౌరునాయుడు నూట నలభై రెండుసార్లు సంతకం పెట్టాడు. అరవై ఒకటో నంబరు దగ్గర మాత్రం కాస్త ఆగి, గుండ్రంగా, ఇష్టంగా పెట్టాడు.

ఆ అరవై ఒకటో నంబరు శ్రీతాళం. తాటిచెట్టుకి పెద్దన్నలాంటిది. ఒక్కో ఆకు కింద పదిమంది వానకి నిలబడొచ్చు. పూర్వం తాళపత్ర గ్రంథాలు రాసుకున్నది ఈ ఆకుల మీదే. గౌరునాయుడు ఉద్యోగంలో చేరిన ఏడాది, తన చేత్తో గొయ్యి తీసి నాటిన మొదటి మొక్క అది. అప్పటి సూపరింటెండెంటు గారు, చాలా పెద్దాయన, అతనికొక మాట చెప్పారు. "నాయుడూ, ఇది జీవితంలో ఒక్కసారే పూస్తుంది. నలభై ఏళ్లకో, అరవైకో. నెత్తిమీద రథం కట్టినట్టు పూస్తుంది. పూసి, కాసి, చచ్చిపోతుంది. నేను చూడను. నువ్వు చూస్తావేమో." అప్పట్నుంచీ పొద్దున్నే తోటలోకి రాగానే గౌరునాయుడు ముందు దాని తలవైపు చూస్తాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, జుట్టు తెల్లబడింది, ఆ చూపు మాత్రం మానలేదు. వచ్చే ఏడాది మే ముప్ఫై ఒకటికి అతని రిటైర్మెంటు. ఈలోగా అది పూస్తే చూడాలన్నది తప్ప వేరే కోరిక లేని మనిషి.

పరీక్షలు మొదలయ్యాయి. మొదలవుతూనే తగలడ్డాయి.

ఫిబ్రవరి పదిహేడున, అంటే నోటిఫికేషన్ తేదీకి తొమ్మిది రోజుల ముందు, మోదుగ చెట్టు నిప్పంటుకున్నట్టు పూసి కూర్చుంది. భుజంగరావు గారి మొహం పాలిపోయింది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎన్నడూ చూడనిది చూశారాయన.

"లీకేజీ," అన్నారు గొంతు తగ్గించి.

వెంటనే విచారణ. గౌరునాయుణ్ణి నిలబెట్టి అడిగారు. "పరీక్ష తేదీ ఈ అభ్యర్థికి ముందుగా ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పలేదు బాబూ."

"నోటిఫికేషన్ ఎక్కడ అంటించావు?"

"దాని మొదలికే బాబూ. తమరే అంటించమన్నారు."

భుజంగరావు గారు విచారణ ఫైలు మూసేశారు. ఆ తర్వాత ఉత్తర్వులిచ్చారు. పదిహేడో నంబరు అభ్యర్థి, అనగా మోదుగ, మూడేళ్లపాటు డిబార్. పూలు ప్రజలకు కనబడకుండా చెట్టు చుట్టూ గోనెపట్టాలు కట్టవలెను. గౌరునాయుడు నిచ్చెన వేసుకుని రెండు రోజులు కట్టాడు. పూలు చూద్దామని వచ్చినవాళ్లు గోనెపట్టాల్ని చూసి, ఇదేదో కొత్త రకం చెట్టు కాబోలనుకుని ఫొటోలు దిగి వెళ్లారు.

రేలచెట్ల పరీక్ష ఇంకా అన్యాయం. దారికి అటూ ఇటూ పదకొండు రేలచెట్లున్నాయి. పదకొండూ ఒకే పూట పూశాయి. ఒకే పసుపు, ఒకే రకం గుత్తి, గుత్తికి అవే అయిదు రేకుల పూలు.

"ఒక్క తేడా అయినా ఉందా చూడండి," అన్నారు భుజంగరావు గారు కనకమహాలక్ష్మితో. "పక్కవాడి జవాబు అక్షరం పొల్లుపోకుండా దించేశారు. మాస్ కాపీయింగ్."

"ఒకే జాతి గదండీ," అందావిడ.

"మీలాంటివాళ్లు వెనకేసుకు రాబట్టే వ్యవస్థ ఇలా ఏడిచింది. వీటి మధ్య సమాచారం చేరవేస్తున్నది ఎవరో తేల్చాలి."

తేల్చడానికి ఫ్లయింగ్ స్క్వాడ్ వేశారు. స్క్వాడ్ అంటే ఆయనా, జీపు డ్రైవరూ. తెల్లారుజాము నుంచి పొదలచాటున కాపు వేసి మధ్యాహ్నానికల్లా గుట్టు రట్టు చేశారు. తేనెటీగలు. ఒక అభ్యర్థి దగ్గర్నుంచి ఇంకో అభ్యర్థి దగ్గరికి, కాళ్లకి పసుప్పచ్చని మెటీరియల్ అంటించుకుని, ఎవరి భయమూ లేకుండా తిరుగుతున్నాయి. ఒకదాన్ని డైరెక్టరు గారు సాక్ష్యంతో సహా చేత్తో పట్టుకున్నారు కూడా. ఆ సాయంత్రం పైకి వెళ్లిన నివేదికలో "విధి నిర్వహణలో ఉన్న స్క్వాడ్‌పై దాడి" అని ఒక పేరా ఎక్కువైంది. కుడిచెయ్యి బూరెలా వాచి ఉండటంవల్ల సంతకం ఎడంచేత్తో పెట్టారు. చెట్టుకీ చెట్టుకీ మధ్య అడ్డంగా పాత దుప్పట్లు కట్టించారు.

మే చివర్న ఫలితాలొచ్చాయి. ఉత్తీర్ణత నలభై ఒక్క శాతం. పైనుంచి ఫోన్లొచ్చాయి. ఇంత అధ్వాన్నమైన చెట్లని ఎక్కడా చూడలేదని పైవాళ్లు చీవాట్లు పెట్టారట. భుజంగరావు గారు ఆ వేళ భోజనం చేయలేదు. పాత రిజిస్టర్లన్నీ దింపి, నియమావళి ముందు పెట్టుకుని కూర్చున్నారు. వరుసగా మూడుసార్లు తప్పిన అభ్యర్థికి టీసీ ఇచ్చి పంపివేయవలెను అని నియమం. బడిలో టీసీ అంటే కాగితం. తోటలో టీసీ అంటే గొడ్డలి.

మూడుసార్లు తప్పినవాళ్లెవరా అని వెతికితే ఒక్క పేరు తేలింది. ముప్ఫై ఎనిమిదేళ్ల రిజిస్టర్లలో, ప్రతి ఏడూ, అరవై ఒకటో నంబరు ఎదురుగా ఒకటే మాట. పూయలేదు.

సంరక్షకుణ్ణి పిలిపించారు.

గౌరునాయుడు తువ్వాలు చేతిలో పట్టుకుని బల్లకి ఇవతల నిలబడ్డాడు. తన కొడుకు తొమ్మిదో తరగతి తప్పినప్పుడు హెడ్మాస్టరు ముందు ఇలాగే నిలబడ్డాడు. అప్పుడు ఇంత భయం వేయలేదు.

"ముప్ఫై ఎనిమిదిసార్లు తప్పింది నాయుడూ," అన్నారు భుజంగరావు గారు. "నా సర్వీసులో పదకొండుసార్లు తప్పినవాణ్ణి చూశాను. వాడు తర్వాత ఎమ్మెల్యే అయ్యాడు, అది వేరు. దీనికి ఆ అవకాశం కూడా లేదు. పైగా, పూర్వం లోకమంతటికీ కాగితం ఇచ్చింది ఈ చెట్టే అంటారు. లోకానికి కాగితం ఇచ్చినది స్వయంగా ఒక్క పరీక్ష రాయలేకపోవడం సిగ్గుచేటు కాదా?"

"అది తప్పలేదు బాబూ. దానికింకా సమయం రాలేదు. దాని జన్మకి ఒక్కపాలే పూస్తాది."

"ఒక్కసారేనా? సింగిల్ అటెంప్టా?" ఆయన మొహంలో మొదటిసారి కాస్త గౌరవం కనబడింది. "ఎప్పుడు?"

"అది మనకి తెలీదు బాబూ. రేపో, ఇరవయ్యేళ్లకో. పూసినాక సచ్చిపోతాది."

"ఫలితాలు వచ్చాక అభ్యర్థి ఏమైపోయినా విభాగానికి సంబంధం లేదు," అన్నారు భుజంగరావు గారు. ఆ మాట ఆయన కర్కశంగా అనలేదు, అలవాటుగా అన్నారు. "తేదీ చెప్పలేని అభ్యర్థిని నేను రిజిస్టర్లో ఉంచలేను. సోమవారం టీసీ."

గౌరునాయుడు బయటికొచ్చి మెట్ల మీద కూలబడిపోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు కన్నబిడ్డలా సాకినదాన్ని సోమవారం గొడ్డలితో నరుకుతారట. ఆ కోపం ఎవరిమీద చూపించాలో తెలీక మెట్టుమీది గడ్డి పీకుతూ కూర్చున్నాడు. కనకమహాలక్ష్మి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"దిగులు పడకండి నాయుడుగారూ. ఆయనకి మన భాషలో చెప్తే ఎక్కదండి, ఆయన భాషలో చెప్పాలి," అంది. "మా మేనల్లుడు డాక్టరు సీటుకి మూడేళ్లయి కూర్చున్నాడు. వాణ్ణి ఎవరైనా తప్పాడు అంటారేటి? అనరు. లాంగ్‌టర్మ్ అంటారు."

ఆదివారం ఆఫీసు తెరిపించి దరఖాస్తు టైపు చేసింది. అరవై ఒకటో నంబరు అభ్యర్థి ఏకైక అత్యున్నత పరీక్షకై లాంగ్‌టర్మ్ శిక్షణలో ఉన్నందున, వార్షిక పరీక్షల నుండి మినహాయించ ప్రార్థన. సంరక్షకుని సంతకం.

భుజంగరావు గారు చదివారు. మళ్లీ చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "లాంగ్‌టర్మ్ అని ముందే చెప్పొచ్చు కదయ్యా," అన్నారు. గొడ్డలివాణ్ణి తిరిగి పంపించేశారు.

చెట్టు బతికింది. అయితే లాంగ్‌టర్మ్ అంటే ఏమిటో కనకమహాలక్ష్మికి తెలిసినంతగా గౌరునాయుడికి తెలీదు. బుధవారానికల్లా శ్రీతాళం చుట్టూ పన్నెండడుగుల ఇనపరేకులు లేచాయి. ధ్యాస మళ్లకూడదు కదా. పిట్టలు వాలకుండా పైన వల. పొద్దున్న అయిదింటికే లౌడ్‌స్పీకర్లో భుజంగరావు గారి గొంతు. "నీవు పూయగలవు. పక్క చెట్టును చూడకు. నీ లక్ష్యమును చూడుము." గౌరునాయుణ్ణి వార్డెన్ని చేశారు. వారం వారం ప్రగతి నివేదిక రాయాలి. అతను ప్రతి శనివారమూ అదే రాసేవాడు. "అభ్యర్థి నిలబడి ఉన్నది." డైరెక్టరు గారు దానికింద ఎర్రసిరాతో "ఇంకా కృషి చేయవలెను" అని రాసేవారు.

ఆ బ్యాచి చూడటానికి బావుంది. దాంతో మిగిలిన యాభై తొమ్మిది శాతాన్నీ అందులో చేర్చారు. నాగలింగానికి రేకులు. పొగడకి రేకులు. డిబారైన మోదుగకి గోనెపట్టాల మీదుగా రేకులు. పాసైన చెట్లు ఊరికే ఉంటే చెడిపోతాయని వాటికి కూడా ర్యాంకుల బ్యాచి పెట్టి రేకులు కట్టారు. శీతకాలం వచ్చేసరికి తోటలో చెట్టు కనబడటం మానేసింది. ఇంక జనం దేనికొస్తారు? ఒకవేళ వచ్చినా గేటు తియ్యరు. నల్లబల్ల స్థానంలో ఇనపబోర్డు వెలిసింది. అభ్యర్థులు చదువుకొనుచున్నారు, నిశ్శబ్దము పాటింపుడు. గౌరునాయుడు తన నల్లబల్లని నీళ్ల ట్యాంకు కింద గోడకి ఆనించి, సుద్దముక్కని చొక్కా జేబులో వేసుకున్నాడు.

మార్చి మొదటివారంలో ఒక పొద్దున అతను ఎప్పట్లాగే రేకుల సందులోంచి శ్రీతాళం తలవైపు చూశాడు. నడినెత్తిన, ఆకుల మధ్య, ఈటెలాంటిది ఒకటి లేచి ఉంది. అది ఆకు కాదు. ఆకు ఎలా లేస్తుందో అతనికి తెలుసు. అరగంట అలా తల ఎత్తి నిలబడ్డాడు. తర్వాత రేకుకి నుదురు ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చూస్తాననుకోలేదు, చూశాడు. ఇక అది ఎంతోకాలం ఉండదు, అదీ తెలుసు. సంతోషానికి ఏడుస్తున్నాడో దుఃఖానికో వేరుచేసి చూసుకోలేదు. మైకులో డైరెక్టరు గారు పక్క చెట్టును చూడకు అంటూనే ఉన్నారు.

ఏప్రిల్ నెలాఖరుకి ఈటె విచ్చుకుంది. అరవై అడుగుల ఎత్తున, పదిహేనడుగుల మీగడరంగు పూలగుచ్ఛం. పన్నెండడుగుల రేకులు దాన్నేం దాస్తాయి? రోడ్డుమీద పోయే బస్సులు ఆగాయి. దిగినవాళ్లు మళ్లీ ఎక్కడం మర్చిపోయారు.

భుజంగరావు గారు చూసి ముందు తేదీ వెతుక్కున్నారు. నోటిఫికేషన్ లేదు. నోటిఫికేషన్ లేని పూత చెల్లదు కాబట్టి ఫలితం నిలిపివేయాలని నోట్ మొదలుపెట్టారు. ఇంతలో పైనుంచి ఫోను. ఎవరో తీసిన ఫొటో పైవాళ్ల దాకా పోయిందట, అభినందనలట. ఆయన ఫోను పెట్టేసి, రాస్తున్న నోట్ చింపేసి, కనకమహాలక్ష్మిని పిలిచారు.

"శ్రీతాళం విభాగంలో మనకి ఎన్నో ర్యాంకు?"

"ఒకటే చెట్టండీ."

"అయితే ఒకటో ర్యాంకు. ఫ్లెక్సీ రాయించండి."

ఫ్లెక్సీ వచ్చింది. యాభై అడుగుల పొడవు, పాతికడుగుల ఎత్తు. ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి అని ఎర్ర అంకెలు. మధ్యలో భుజంగరావు గారి నిలువెత్తు ఫొటో, రెండు చేతులూ కట్టుకుని. మూలన, హాల్‌టికెట్టు మీది పాస్‌పోర్టు ఫొటో, ఏనుగు కాలు. లాంగ్‌టర్మ్ శిక్షణకు మారుపేరు గంగులవలస వృక్షవనం. దాన్ని నీళ్ల ట్యాంకు రెయిలింగుకీ, అవతలి నీలగిరి చెట్టుకీ మధ్య రోడ్డు మీదికి కనబడేలా కట్టాలని ఆర్డరు. కడితే సరిగ్గా పువ్వుకి అడ్డం వస్తుంది.

"ఇది కడితే పువ్వు కనపడదు బాబూ," అన్నాడు గౌరునాయుడు.

"పువ్వు గురించే కదయ్యా ఇందులో రాసింది," అన్నారు భుజంగరావు గారు.

మే ముప్ఫై ఒకటి. సాయంత్రం నాలుగింటికి విజయోత్సవ సభ. ఎలాగూ వేదిక వేశారు కాబట్టి గౌరునాయుడి వీడ్కోలు కూడా అందులోనే. రోడ్డు పొడుగునా జనం, పువ్వు చూద్దామని వచ్చినవాళ్లు. ట్యాంకు మెట్లెక్కి ఫ్లెక్సీ కట్టే పని హెడ్ మాలీదే, అతని సర్వీసులో ఆఖరి పని. ట్యాంకు రెయిలింగు మీద నుంచుంటే శ్రీతాళం పువ్వు ఎదురుగా ఉంది. కొద్ది గజాల దూరం. తుమ్మెదలు ముసురుతున్నాయి. వల ఎప్పుడో చిరిగిపోయింది.

మాలీకి రెండు ముడులు వస్తాయి. అంటుకట్టేటప్పుడు వేసేది ఒకటి, కొమ్మ విరిగినా ఊడదు. లేతతీగకి వేసేది రెండోది, జారుముడి, పొద్దుటి గాలికి కాకపోతే సాయంత్రం గాలికి తనే వదులుతుంది. గౌరునాయుడు చాలాసేపు ఆలోచించలేదు.

సభ మొదలైంది. గౌరునాయుడి భుజాన శాలువా కప్పారు. భుజంగరావు గారు మైకు పట్టుకుని, నూటికి నూరు శాతం సాధించేవరకు ఏ చెట్టునూ విశ్రమించనీయబోమని చెబుతున్నారు. పడమటి కొండమీంచి మే నెల గాలి లేచింది. ముందు ఒక మూల కొట్టుకుంది. తర్వాత రెండోది. ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి వరసగా కిందికి జారి, భుజంగరావు గారి నిలువెత్తు ఫొటో సాక్షాత్తూ భుజంగరావు గారి మీద పడింది. లోపల్నుంచి మైకులో ఉపన్యాసం మాత్రం ఆగలేదు.

ఆయన్ని ఎవరూ చూడటం లేదు. జనమంతా తలలెత్తి పైకి చూస్తున్నారు. మూడు తరాల మనుషులు, చంటిపిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకుని. గౌరునాయుడు శాలువాతోనే ట్యాంకు కిందికి వెళ్లి, నల్లబల్ల తెచ్చి గేటు దగ్గర ఆనించి, జేబులోంచి సుద్దముక్క తీశాడు.

"శ్రీతాళం పూసింది. ట్యాంకు దగ్గర. మళ్లీ పూయదు, చూసి వెళ్లండి."

పదిరోజుల తర్వాత అతని ఇంటికి ఒక మెమో వచ్చింది. కనకమహాలక్ష్మి స్వయంగా తెచ్చింది, నవ్వు ఆపుకుంటూ. అరవై ఒకటో నంబరు అభ్యర్థి వచ్చే ఏడాది ఇంప్రూవ్‌మెంటు పరీక్షకు హాజరు కావలసి ఉన్నందున సంరక్షకుడు సంతకం చేయవలెనని మొదటి పేరా. ఫ్లెక్సీ అనుమతి లేకుండా పడిపోవుటకు గల కారణములు మూడు రోజులలో తెలుపవలెనని రెండోది.

గౌరునాయుడు అరుగుమీద కూర్చుని, మెమో వెనకనే జవాబు రాశాడు.

"మొదటిదానికి: అభ్యర్థి పైచదువులకి పోతున్నది, మళ్లీ రాదు. గింజలు వేలల్లో దిగుతాయి, ఊరందరికీ పంచుతాను, రేకులు మాత్రం కట్టకండి. రెండోదానికి: గాలికి తమరి నోటిఫికేషన్ అందినట్టు లేదు బాబూ."